సైకిలు ఫ్రేము: పేటెంటు చరిత్ర, పనివాని చరిత్ర

సైకిలు చరిత్ర రాసినవారు చాలామంది ఒకే బాటన నడిచారు. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో 'రోవర్' సైకిలు తయారుచేశాడు. 1888లో బెల్ఫాస్టులో పశువైద్యుడు డన్లప్ గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు. 1897లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్, హ్యూయిట్ అనే ఇద్దరు, చివరలు మందంగానూ నడుమ పలచగానూ వుండే ఉక్కు గొట్టానికి పేటెంటు పుచ్చుకున్నారు. ఈ వరస ఇలాగే సాగి, 1935 నాటి '531' ఉక్కు దగ్గర కాస్సేపు ఆగి, అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల మీదుగా నేటికి చేరుతుంది. తేదీలు నిజమైనవే, వాటితో నాకు పేచీ లేదు. డన్లప్ కంటే ఎంతో ముందు, 1845లోనే, థామ్సన్ అనే స్కాట్లండు దేశస్థుడు గాలి టైరుకు పేటెంటు పొందివున్నాడనీ, ఆ సంగతి బయటపడి డన్లప్ పేటెంటు చెల్లకుండా పోయిందనీ కూడా యీ గ్రంథాలే చెబుతాయి. నా పేచీ అల్లా వేరు. పేటెంటు కాగితానికీ రోడ్డు మీది సైకిలుకూ మధ్య ఒక మనిషి వున్నాడు. గొట్టాన్ని కోసినవాడు, ఆకురాయితో రుద్దినవాడు, వంచినవాడు, అతికినవాడు అతను. అతని పని ఏ కాగితానికీ ఎక్కలేదు కనుక చరిత్రకూ ఎక్కలేదు. కోటల విషయంలో, గుళ్ళ విషయంలో యీ పత్రిక పాఠకులు ఇటువంటి ప్రశ్న ఎన్నోసార్లు వేసుకున్నారు. సైకిలు విషయంలో ఎందుకో వేసుకోలేదు. బహుశా అది మరీ మన గుమ్మం ముందు నిలబడివుండే వస్తువు కావటం చేతనేమో!

ముందే ఒక మాట. మన వూళ్ళలో సైకిలు ట్యూబు అంటే టైరు లోపలి రబ్బరు ట్యూబే. కాబట్టి ఫ్రేములోని ఉక్కు గొట్టాన్ని నేను గొట్టమనే అంటాను. నేను లోహశాస్త్రజ్ఞుణ్ణి కాను. రెండు గొట్టం ముక్కలు తీసుకొని, ఒకదాని మూతి రెండోదాని వీపు మీద సందులేకుండా కుదిరేటట్లు ఆకురాయితో రుద్ది చూసినవాణ్ణి. ఒక పూటంతా పట్టింది. ఆ పూట నేర్చుకున్నది పది పుస్తకాల్లో దొరకలేదు.

గొట్టమే ఎందుకు? కడ్డీ ఎందుకు కాదు? కడ్డీని వంచబోతే బలమంతా దాని పై అంచు మీదా కింది అంచు మీదా పడుతుంది. నడిమధ్యనున్న లోహం చేసే పని బహు తక్కువ. ఆ నడిమి లోహాన్ని తీసివేసి అంచులకు పంచితే అదే బరువుకు అంతకు ఎన్నోరెట్లు గట్టిదైన గొట్టం వస్తుంది. వెదురు బొంగు యీ సంగతి మనిషి కంటే ముందే కనిపెట్టింది. అయితే వెదురును అడవి ఇస్తుంది, ఉక్కు గొట్టాన్ని ఎవరో చేయాలి. మొదట్లో ఉక్కు రేకును చుట్టి అంచులు అతికేవారు. తుపాకీ గొట్టాలు చేయటంలో చేయితిరిగిన బర్మింగ్‌హామ్ పట్టణానికి యీ పని కొత్తది కాదు. అతుకు వున్నచోట బలహీనత తప్పదు. 1885లో జర్మనీలోని రెమ్‌షైడ్ పట్టణానికి చెందిన మానెస్‌మాన్ సోదరులు, ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మను ఏటవాలు రోలర్ల మధ్య తిప్పుతూ దాని గుండెలో బెజ్జం పడేటట్లు చేసే పద్ధతికి పేటెంటు పొందారు. అతుకులేని గొట్టం అటుపిమ్మట పెద్ద పరిశ్రమ అయింది.

బెజ్జం పడిన మందపాటి గొట్టాన్ని సన్నం చేసే పద్ధతి మన కంసాలికి తెలిసినదే. కమ్మచ్చులో తీగ లాగినట్లు, గట్టి ఉక్కు అచ్చు గుండా గొట్టాన్ని చల్లగా వుండగానే లాగుతారు. ఒకసారి లాగితే ఉక్కు బిరుసెక్కుతుంది, మళ్ళీ లాగితే చిట్లుతుంది. కనుక కొలిమిలో కాచి మెత్తబరచాలి. కాచినప్పుడు పైన పట్టే చిట్టెం పోవటానికి ఆమ్లపు తొట్టిలో ముంచాలి. మళ్ళీ లాగాలి. చివరకు చేతికి వచ్చేది, గోరుతో తడితే గణగణమనేంత పలచని గొట్టం. ఆ ఆమ్లపు తొట్ల పక్కన నిలబడినవారి వూపిరితిత్తుల సంగతి గొట్టం కంపెనీల వెల పట్టికల్లో కనబడదు.

ఇక సైకిలుకు అసలు చిక్కు గొట్టంలో లేదు, కీలులో వుంది. గొట్టాన్ని ఎంత పలచన చేస్తే సైకిలు అంత తేలిక. కాని గొట్టాలు కలిసేచోట ఇత్తడితో అతకాలి. అతకటానికి ఎర్రగా కాల్చాలి. కాల్చినచోట ఉక్కు తన బిరుసు కోల్పోతుంది. ప్రయాణంలో కుదుపులన్నీ ఎక్కువగా తగిలేది కూడా అక్కడే. అందుచేత తొలి రోజుల్లో గొట్టం మూతి లోపల మరో చిన్న గొట్టం ముక్క దూర్చి బలం కూర్చేవారు. అది నమ్మకమైన పద్ధతి కాదు. లోపలి ముక్క ఆగిపోయే చోటే పగులు మొదలయ్యేది. రేనాల్డ్స్, హ్యూయిట్‌ల పేటెంటు యీ చిక్కును విప్పింది. వేరే ముక్క అక్కరలేకుండా గొట్టమే తన చివరల్లో మందంగా, నడుమ పలచగా వుంటుంది. ఉదాహరణకు చివర 0.9 మిల్లీమీటర్లు, నడుమ 0.6 మిల్లీమీటర్లు. బయటి కొలత మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కటే.

ఇది చేసే తీరు ముచ్చటైనది. గొట్టంలో ఒక ఊచ దూరుస్తారు. ఆ ఊచ నడుమ లావు, చివరలు సన్నం. ఊచతో సహా గొట్టాన్ని అచ్చు గుండా లాగితే, ఊచ లావుగా వున్న మేర గొట్టం గోడ పలచబడుతుంది, సన్నగా వున్న మేర మందంగా మిగులుతుంది. బాగానే వుంది. మరి ఇప్పుడు ఊచ బయటికి రావటం ఎట్లా? దాని లావైన నడుము రెండు ఇరుకు మూతుల మధ్య చిక్కుపడిపోయింది కదా! అందుకని గొట్టాన్ని ఏటవాలు రోలర్ల మధ్య దొర్లిస్తారు. ఆ ఒత్తిడికి గొట్టం కొద్దిగా వెడల్పవుతుంది, ఊచ వదులై బయటికి జారుతుంది. ఒక మేధావి గదిలో కూర్చొని దీన్ని వూహించాడంటే నేను నమ్మలేను. ఇరుక్కున్న ఊచలతో కుస్తీపట్టిన చేతులు దీని వెనుక వుండితీరాలి.

రేనాల్డ్స్ వారిది మొదట మేకుల ఫ్యాక్టరీ. 1841 నాటిది. బర్మింగ్‌హామ్‌ను ఆనుకొని వున్న 'నల్ల నేల' ప్రాంతంలో అప్పటికి ఎన్నో తరాలుగా ఇళ్ళ వెనుక కొలుముల్లో ఆడవాళ్ళూ పిల్లలూ మేకులు సాగగొట్టి పొట్టపోసుకునేవారు. యంత్రంపై కోసిన మేకులు వారి బతుకును కోసివేశాయి. సైకిలు గొట్టం పేటెంటు ఆ యంత్రపు మేకుల ఇంటినుంచే వచ్చింది. చేతిపనిని చంపిన చోటునుంచి మరొక చేతిపనికి ముడిసరుకు పుట్టింది. చరిత్రలో ఇటువంటి వంకరలు కోకొల్లలు.

ఆ సంవత్సరాలను కూడా గుర్తుంచుకోవాలి. 1896లో ఇంగ్లండులో సైకిలు పిచ్చి పతాకస్థాయినందుకుంది. షరాబు వ్యాపారి ఎర్నెస్టు హూలీ డన్లప్ కంపెనీని 30 లక్షల పౌన్లకు కొని, దాన్నే వాటాల రూపంలో 50 లక్షల పౌన్లకు ప్రజలకు అమ్మాడు. గొట్టాలకు కరువు వచ్చింది. గొట్టం కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1897లో ఆ బుడగ పగిలింది, 1898లో హూలీ దివాలా తీశాడు. ధరలు పడ్డాయి. అదివరకు దొరల, దొరసానుల వేడుకగా వున్న సైకిలు అప్పటినుంచి గుమాస్తాకూ, బడిపంతులుకూ, ఫ్యాక్టరీ పనివానికీ అందుబాటులోకి రాసాగింది. ఇదే బర్మింగ్‌హామ్‌లో, 1894లోనే, టామ్ గ్రూమ్, అతని మిత్రులు కొందరు కలిసి సోషలిస్టుల సైకిలు సంఘం ఒకటి పెట్టారు. బ్లాచ్‌ఫోర్డు నడిపిన 'క్లారియన్' పత్రిక పేరే దానికి పెట్టుకున్నారు. ఆదివారాల్లో సైకిళ్ళెక్కి పల్లెలకు పోయి కరపత్రాలు పంచేవారు. ఒకే వూరు, ఒకే దశాబ్దం: ఒక పక్క వాటాల జూదం, మరొక పక్క కరపత్రాల సంచి, రెంటికీ ఆధారం అదే గొట్టం.

ఇప్పుడు పనిచోటికి వద్దాం. నా వ్యాసానికి ఇదే కేంద్రం. పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

ఫ్రేము అంటే ముఖ్యంగా రెండు త్రిభుజాలు. సీటు కింది గొట్టం, పై అడ్డగొట్టం, ముందునుంచి పెడళ్ళ దాకా దిగే వాలుగొట్టం ముందు త్రిభుజమవుతాయి. హ్యాండిలు ఇమిడే కురుచ గొట్టం దీనికి ముక్కు. వెనుక చక్రాన్ని పట్టుకునే సన్నని జతల గొట్టాలు వెనుక త్రిభుజం. బ్రిటిషు ఫ్రేములో అడ్డగొట్టం వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, వాలుగొట్టానిదీ సీటు గొట్టానిదీ 28.6. గుండ్రని గొట్టం మరొక గుండ్రని గొట్టానికి ఆనాలంటే దాని మూతిని తిన్నగా కోస్తే చాలదు. జీను గుర్రపు వీపును పట్టినట్లు పట్టేలా మూతిని వంపుగా కోయాలి. ఒక కాగితంపై ఆ వంపు గీసి, గొట్టం చుట్టూ చుట్టి గుర్తుపెట్టి, రంపంతో కోసి, ఆ తర్వాత అర్ధచంద్రాకారపు ఆకురాయితో రుద్దాలి. రుద్దటం, ఆనించటం, వెలుతురుకెదురుగా పట్టి చూడటం, సందులోంచి వెలుతురు కనబడినచోట ఎదుటి భాగాన్ని మళ్ళీ రుద్దటం. ఇది ఒక్క మూతికి. అడ్డగొట్టానికి రెండు మూతులు. ఆ రెండు వంపులూ ఒకే తలంలో వుండాలి, ఒకటి రవ్వంత మెలితిరిగినా చక్రాలు రెండూ ఒక గీతలో నడవవు. రెండు మూతుల మధ్య పొడవు ఎక్కేమనిషి ఒడ్డూపొడుగులను బట్టి ముందే నిర్ణయమై వుంటుంది. ఎక్కువ రుద్దితే గొట్టం పొట్టి, ఇక పనికిరాదు. పైగా గొట్టం చివరి మందం కొద్ది అంగుళాల మేరకే. ఏ కొస నుంచి ఎంత కోయవచ్చో లెక్క తప్పితే కీలు దగ్గర వుండవలసిన మందం రంపపు పొట్టుతో పోతుంది, పలచని నడుము వచ్చి మంటలో పడుతుంది. పేటెంటు చేసిన మేలంతా ఆ ఒక్క కోతతో చెడుతుంది.

ఇక్కడ ఒక సంగతి వుంది. గొట్టాలు కలిసేచోట వాటిని తొడుగులా పట్టివుంచే ఉక్కు కీళ్ళను 'లగ్గులు' అంటారు. లగ్గు తొడిగాక లోపలి మూతి ఎట్లా కోశారో ఎవరికీ కనబడదు. సందు వున్నా ఇత్తడి పోసి కప్పవచ్చు. కొన్నవానికి తెలియదు, అమ్మినవానికీ తెలియదు. అది తెలిసినవాడు రుద్దినవాడొక్కడే. ఎవరూ చూడని చోట పని చక్కగా చేయటమనే గుణం జీతం పట్టికలో లేదు. గంటల లెక్కన, ముక్కల లెక్కన కూలి ఇచ్చే యజమానికి అది నష్టం కూడా. అయినా ఆ గుణం వుండబట్టే అరవై డెబ్భై ఏళ్ళ నాటి ఫ్రేములు కొన్ని ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. పనివానికి తన పని మీద వుండే గౌరవాన్ని గురించి మన కథల్లో సాలెవాడి విషయంగా, కుమ్మరి విషయంగా చాలా రాశారు. ఫ్యాక్టరీ గొట్టానికి ఆకురాయి పట్టినవానికీ అదే గౌరవం వున్నదని గుర్తించటానికి మనకెందుకో మనసు రాదు.

వంచటం ఇంకొక విద్య. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ళు పైన కోలగా, లావుగా వుండి కిందికి పోనుపోను సన్నబడతాయి. కింది భాగాన్ని ముందుకు వంచాలి. వంపు గీసిన కొయ్య దిమ్మకో ఇనుప దిమ్మకో కాలిని ఆనించి, కొసకు పొడవాటి కడ్డీ తగిలించి మెల్లగా లాగుతారు. ఉక్కు మొండిది. వదలగానే కొంత వెనక్కి వస్తుంది. ఎంత వెనక్కి వస్తుందో అంచనా కట్టి అంత అదనంగా వంచాలి. ఒక్కసారిగా లాగితే వంపు లోపలి వైపున ముడతపడుతుంది. ముడతపడిన గొట్టం గొట్టం కాదు. పెద్ద వంపులకు లోపల ఇసుక దట్టించి మూతులు బిగించి వంచటం కూడా వుంది. రెండో కాలిని మొదటిదానితో జతకట్టి చూసి తేడా లేకుండా వంచాలి. ఇదంతా చల్లగానే జరగాలి. అచ్చులో లాగటం వల్ల ఉక్కుకు వచ్చిన బిరుసును వేడి హరిస్తుంది. మా వూళ్ళో గుంటల్లో పడి వంగిన ఫోర్కులను సరిచేసే సైకిలు షాపు మేస్త్రీ ఒకాయన యీ శాస్త్రాన్ని నాకు ఒక్క ముక్కలో చెప్పాడు: "కాలిస్తే ఇనుము చస్తుంది మేష్టారూ, బతికుండగానే వంచుకోవాలి."

వెనుక గొట్టాలకు టైరు తగలకుండా, పెడలు పళ్ళచక్రం రాచుకోకుండా పక్కన చిన్న సొట్ట కావాలి. ఆ సొట్టను కూడా, వైసులో రెండు దిమ్మల మధ్య పెట్టి అదిమి, కావాలనే పెడతారు. ఏ సొట్ట లోపమో ఏ సొట్ట పనితనమో తెలియటానికి చూసేవానికి కొంత చదువు కావాలి.

ఆ తర్వాత అతుకు. కీళ్ళన్నీ తొడిగి, మంటలో కదలకుండా చిన్న బెజ్జాలు వేసి మేకులు బిగిస్తారు. వెలిగారం పూసి కాలుస్తారు. ఇత్తడి కరగటానికి సుమారు 900 డిగ్రీల వేడి కావాలి. అప్పటి ఆ పనివాని దగ్గర ఉష్ణమాపకం లేదు, ఉక్కు రంగే అతనికి మాపకం. రంగు చాలకముందే కడ్డీ తాకిస్తే ఇత్తడి పైనే గడ్డకట్టుకొని లోపలికి పోదు. రంగు మితిమీరితే ఉక్కు పెళుసవుతుంది. సరైన క్షణంలో ఇత్తడి నీళ్ళలా కరిగి, వేడి ఎటు వుంటే అటు పరుగెత్తి, సందు సందులోకీ దూరి ఆవలి అంచున సన్నని బంగారు గీతలా కనబడుతుంది. ఆ గీత కనబడితే పని అయినట్లు. చల్లారేటప్పుడు ఫ్రేము ఎటో ఒకవైపు లాగుతుంది. అప్పుడు ఒక దారం తీసుకొని, వెనుక ఇరుసు బిగించేచోట ఒక పక్క కట్టి, ముందున్న కురుచ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకు తెచ్చి కడతారు. సీటు గొట్టానికి అటూ ఇటూ దారానికి వున్న ఎడం సమానమైతే ఫ్రేము తిన్నగా వున్నట్లు. కాకపోతే మళ్ళీ చల్లగానే వంచి దారికి తేవాలి. ఖరీదైన పరికరాలెన్నో వచ్చాయి గాని యీ దారాన్ని మించిన సాక్షి లేదు.

1935లో రేనాల్డ్స్ కంపెనీ '531' గొట్టాన్ని అమ్మకానికి తెచ్చింది. మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కు. అప్పటికే ఆ కంపెనీ 'ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్' అనే పెద్ద సంస్థలో భాగమై ఏడేళ్ళయింది. గొట్టం ఎంత బలమైనదైతే అంత పలచన చేయవచ్చు, ఎంత పలచనైతే అతికేవాని చేతికి అంత కఠిన పరీక్ష. చరిత్రకారులు చూడనిది సరిగ్గా ఇదే. ఫ్యాక్టరీలో యంత్రం మెరుగైనకొద్దీ పనిచోట నైపుణ్యం అక్కరలేకుండా పోయిందని వారి భావం. ఫ్రేము విషయంలో జరిగింది ఇందుకు విరుద్ధం. గొట్టంలోని యంత్రకౌశలం చేతికౌశలాన్ని ఇంకా ఇంకా అడిగింది. అయితే అడిగినదానికి వెల కట్టలేదు. సీటు గొట్టం మీద గొట్టం కంపెనీ వారి రంగుకాగితం అంటించివుంటుంది. వాలుగొట్టం మీద దుకాణదారు పేరు వుంటుంది. అతికినవాని పేరు ఎక్కడా వుండదు.

లండనులోని హెచిన్స్ సైకిళ్ళే దీనికి మంచి ఉదాహరణ. రష్యా నుంచి వలసవచ్చిన హైమన్ హెచిన్ దుకాణదారు. దశాబ్దాల తరబడి ఆ ఫ్రేములు చేసినవాడు జాక్ డెన్నీ. ఆ సైకిళ్ళను గుర్తుపట్టని సైకిలు అభిమాని ఇంగ్లండులో లేడు. వెనుక గొట్టాలు తిన్నగా వుండక పాములా వంపులు తిరిగివుంటాయి. కుదుపులను మింగటానికే యీ వంపులు అని దుకాణం వారు ప్రచారం చేశారు. అదే కాలంలో బేట్స్ అనే లండను తయారీదార్లు ఫోర్కుకు మెలిక వంపు పెట్టారు, చివరలు సన్నగా నడుమ లావుగా వుండే గొట్టాలు వాడారు. ఇవి నిజంగా కుదుపులను మింగాయా? నాకు నమ్మకం లేదు. గాలినిండిన టైరు మిల్లీమీటర్ల లెక్కలో కుంగుతుంది. త్రిభుజంలో బిగించిన ఉక్కు గొట్టం వంపు తిరిగినా ఆ లెక్కలో కుంగేది లేదనే చెప్పాలి. మరెందుకు ఇంత శ్రమ? ఆనాటి ఔత్సాహిక పందేల నిబంధనలు పోటీదారును ప్రకటనలకు వాడుకోనిచ్చేవి కావనీ, పత్రికల్లో పడే ఫోటోల్లో తయారీదారు పేరు కనబడకూడదనీ, పేరు చెరిపినా ఆకారం చెరపలేరు గనుక యీ వంపులు వచ్చాయనీ చాలామంది చెబుతారు. నాకు యీ వివరణే సబబుగా తోస్తుంది. గొట్టం వంపులో మార్కెట్టు సంతకం వుంది. కాని ఒకటి మరవకూడదు. ప్రకటన కోసమే పుట్టినా, అంత పలచని గొట్టాన్ని ముడత లేకుండా, ఎడమా కుడీ ఒకటే అయ్యేటట్లు అన్ని వంపులు తిప్పటం అబద్ధం కాదు. దాని ప్రయోజనం గురించి చెప్పిన మాట అబద్ధం కావచ్చు. పని నిజం.

ఈ ఫ్రేములను కొన్నవారెవరు? చాలామంది లండను, బర్మింగ్‌హామ్, మాంచెస్టరు పనివాళ్ళే. వారమంతా ఫ్యాక్టరీలో గడిపి, ఆదివారం తెల్లవారకముందే నల్లదుస్తుల్లో, నిర్మానుష్యమైన రోడ్ల మీద, ఒంటరిగా గడియారంతో పందెం వేసేవారు. వారాల వాయిదాలమీద డబ్బు కట్టి ఒడ్డూపొడుగూ కొలిపించుకొని ఫ్రేము చేయించుకునేవారు. మిలాన్‌లో విగొరెల్లి పందేల మైదానం కింద కొట్టు నడిపిన ఫలియెరో మాసీని 'దర్జీ' అని పిలిచేవారు. ఆయన చేసిన ఫ్రేములు ఇతర కంపెనీల పేర్లు తగిలించుకొని పెద్ద పందేలకు వెళ్ళేవట. ఒక పనివాడు మరొక పనివానికి కొలతలు తీసి చేసిన వస్తువు ఇది. విలాసవస్తువు కాదు. ఇవాళ ఐరోపాలోనూ అమెరికాలోనూ చేతితో చేసిన ఉక్కు ఫ్రేము వెల సామాన్యుడు విని దణ్ణం పెట్టేటట్లుంది. దాన్ని చూసి, చేతిపని ఎప్పుడూ ధనికుల ముచ్చటే అని తీర్మానించటం చరిత్రను తలకిందులుగా చదవటం.

నాటింగ్‌హామ్‌లోని రాలీ ఫ్యాక్టరీది మరో ప్రపంచం. అక్కడ రేకును అచ్చొత్తి లగ్గులు తీసేవారు. ఒక్కొక్కడు ఒక్కొక్క తునక చేసేవాడు. 1958లో వచ్చిన ఆలన్ సిలిటో నవల 'శనివారం రాత్రి, ఆదివారం ఉదయం' యీ ఫ్యాక్టరీ జీవితం నుంచే పుట్టింది. రచయిత పద్నాలుగో ఏట అందులో పనికి చేరినవాడు, తండ్రీ అక్కడే పనిచేశాడు. నవలలోని ఆర్థర్ సీటన్ లేతు మీద ముక్కల లెక్కన పనిచేస్తాడు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారు, తక్కువ చేస్తే కడుపు నిండదు. రోజంతా అతని మనసు మరెక్కడో వుంటుంది. డిసికా 'సైకిలు దొంగలు' (1948) సైకిలు పోగొట్టుకున్నవాణ్ణి మనకు చూపింది. సిలిటో సైకిలు చేసేవాణ్ణి చూపాడు. కాని గమనించండి: ఆర్థర్ సైకిలు చేయడు. సైకిల్లోని ఒక ముక్క చేస్తాడు. హెచిన్స్ కొట్టులో పేరులేని పనివానికి కనీసం తన ఫ్రేము రోడ్డు మీద పోతూంటే ఇది నాది అనుకునే వీలుంది. ఆర్థర్‌కు అదీ లేదు. ఆ ఫ్యాక్టరీలో సైకిళ్ళ తయారీ 2002తో ముగిసింది.

ఆ రెండు ప్రపంచాల మధ్య సంబంధం ఎట్లా మారిందో చెప్పే ఘట్టం ఒకటి 1970లలో జరిగింది. రేనాల్డ్స్ వారు 753 అనే మరింత పలచని, వేడితో పదునుపెట్టిన గొట్టం తెచ్చారు. దీన్ని ఇత్తడితో అతికితే పదును పోతుంది, తక్కువ వేడిలో కరిగే వెండి మిశ్రమంతో అతకాలి. అతికాక వంచి సరిచేయటం కుదరదు. మొదటిసారే తిన్నగా రావాలి. అందుచేత గొట్టం కావాలన్న తయారీదారు ముందుగా ఒక కీలు అతికి కంపెనీకి పంపాలి. అది పరీక్షలో నెగ్గితేనే గొట్టం అమ్ముతారు. ఎనభై ఏళ్ళపాటు కంపెనీ అమ్మిన గొట్టాన్ని తన చేత్తో పరీక్షించి బాగోగులు చెప్పిన పనివాణ్ణి ఇప్పుడు కంపెనీయే పరీక్షకు కూర్చోబెట్టింది. కొందరు దీన్ని పనితనానికి గుర్తింపు అన్నారు. కావచ్చు. కాని ధ్రువపత్రం ఇచ్చేవాడెవరో, పుచ్చుకునేవాడెవరో చూస్తే అధికారం ఏ పక్కకు జరిగిందో తెలుస్తుంది.

ఈ గొట్టాల కథలో మన దేశానికీ చోటు వుంది. 1949లో అదే 'ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్' మద్రాసులోని మురుగప్ప కుటుంబంతో కలిసి అంబత్తూరులో సైకిళ్ళ ఫ్యాక్టరీ పెట్టింది. 1955లో ఆవడిలో గొట్టాల ఫ్యాక్టరీ వచ్చింది. రేకును చుట్టి విద్యుత్తుతో అంచులు అతికిన గొట్టమే మన సైకిళ్ళకు ఆధారమైంది. కొసలు మందం, నడుమ పలచన అనే రేనాల్డ్స్ గొట్టం మన సామాన్యుడి సైకిలుకు రాలేదు. దీన్ని వెనుకబాటుతనమని నవ్వేవారున్నారు. వారు ఒక్కసారి మన రోడ్ల మీదికి రావాలి. ఇంగ్లండు ఆదివారపు పనివాని సైకిలు మీద అతనొక్కడే. మన సైకిలు మీద రెండు పాల క్యాన్లు, లేదా గ్యాసు సిలిండరు, లేదా ధాన్యం బస్తా, దానిమీద పిల్లవాడు, ముందు కడ్డీ మీద ఇంకొక పిల్లవాడు. ఆరు దశాంశాల మందం గొట్టం దీనికి ఏ మూలకు? అందుకే పై అడ్డగొట్టం కింద ఇంకొకటి వేసి 'డబుల్ బారు' సైకిళ్ళు చేశారు. గొట్టం ఎంత పలచగా వుండాలో లోహశాస్త్రం ఒక్కటే తేల్చదు. ఎక్కేవాడి బతుకు కూడా తేలుస్తుంది.

మన దగ్గర గొట్టానికి ఆకారం ఇచ్చే చేతిపని ఫ్యాక్టరీలో కాదు, రోడ్డు పక్కన వుంది. బరువులకు కుంగిన ఫ్రేముకు కడ్డీ అతకటం, క్యాన్లకు కొక్కేలు వంచి బిగించటం, విరిగిన వెనుక గొట్టంలో మరో గొట్టం ముక్క దూర్చి అతకటం. 1897 పేటెంటుకు ముందు బర్మింగ్‌హామ్ వాళ్ళు చేసిన పనే, కాకపోతే ఎవరూ నేర్పకుండా. నేను చెప్పిన మేస్త్రీ అటువంటి ఫ్రేము ఒకటి అతికాక గోడకానించి, దుకాణంలో పురికొస అందుకొని, వెనుక నుంచి ముందుకు తిప్పి రెండు పక్కలా వేళ్ళతో ఎడం కొలిచాడు. ఒక పక్క గింజంత ఎక్కువ వుంది. ఫ్రేమును రాతి మీద పెట్టి మోకాలు ఆనించి ఒక్క నొక్కు నొక్కి, మళ్ళీ పురికొస కట్టి చూశాడు.